మంచులో దాగిన వేడి

స్కాట్లండు దేశంలో చలికాలం దీర్ఘమైనది. కొండల మీద, పొలాల మీద, ఇళ్ళ కప్పుల మీద మంచు దట్టంగా పేరుకుంటుంది. వసంతం వచ్చి ఎండ కాస్త ముదిరినప్పుడు ఆ మంచు కరగడం మొదలవుతుంది. అయితే అది ఒక్కసారిగా కరిగిపోదు. గాలి వెచ్చబడిన తరువాత కూడా కొండవాలులలోని మంచు రోజుల తరబడి, నీడపట్టున ఉన్నచోట వారాల తరబడి నిలిచి ఉంటుంది. బొట్టుబొట్టుగా కరిగి వాగులలో చేరుతుంది. ఆ దేశపు ప్రజలు తరతరాలుగా ఈ దృశ్యాన్ని చూస్తూనే ఉన్నారు. ఇందులో వింత ఏమున్నదని ఎవరూ అనుకోలేదు. పద్దెనిమిదవ శతాబ్దంలో ఒక అధ్యాపకుడికి మాత్రం ఇది వింతగానే తోచింది. ఆయన పేరు జోసెఫ్ బ్లాక్.

బ్లాక్ 1728వ సంవత్సరం ఏప్రిల్ 16వ తేదీన ఫ్రాన్సు దేశంలోని బోర్డో నగరంలో జన్మించాడు. తండ్రి జాన్ బ్లాక్ ఐర్లండులోని బెల్‌ఫాస్టులో పుట్టినవాడు; స్కాట్లండు నుంచి వలస వెళ్ళిన వంశానికి చెందినవాడు. ద్రాక్షసారాయి వ్యాపారం కోసం బోర్డోలో స్థిరపడ్డాడు. తల్లి కూడా స్కాట్లండు కుటుంబానికి చెందినదే. వారిది పెద్ద సంసారం. వీధిలో అందరూ ఫ్రెంచి భాష మాట్లాడేవారు. ఇంగ్లీషు చదవడం మాత్రం పిల్లలు ఇంటిలో తల్లి దగ్గరే నేర్చుకున్నారు. పన్నెండవ ఏట బాలుణ్ణి చదువు నిమిత్తం బెల్‌ఫాస్టుకు పంపారు. కొన్నేళ్ళకు అతడు స్కాట్లండు చేరి గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ప్రవేశించాడు.

అక్కడ అతనికి లభించిన గురువు విలియం కల్లెన్. ఆయన వైద్యుడు, రసాయనశాస్త్రం బోధించడంలో దిట్ట. శిష్యుని చురుకుదనం చూసి కల్లెన్ అతణ్ణి తన ప్రయోగశాలలో సహాయకుడిగా చేర్చుకున్నాడు. కల్లెన్ శ్రద్ధ చూపిన విషయాలలో ఒకటి ద్రవాలు ఆవిరి అయ్యేటప్పుడు పుట్టే చల్లదనం. తడి ఉష్ణమాపకాన్ని గాలిలోకి తీయగానే అందులోని పాదరసం కొంత దిగుతుందని ఆయన విద్యార్థి ఒకడు గమనించాడు. కల్లెన్ దానిని పట్టించుకొని ఈథరు వంటి ద్రవాలతో ప్రయోగాలు చేశాడు. ఆ చల్లదనం ఎందుకు పుడుతున్నదో ఆయన తేల్చలేకపోయాడు. ఆ ప్రశ్నకు జవాబు తరువాత శిష్యుని చేతిలో తేలింది.

వైద్యవిద్య ముగించడానికి బ్లాక్ 1752లో ఎడింబరో వెళ్ళాడు. అక్కడి ఆచార్యులు ఇద్దరు సున్నపుతేట విషయంలో వాదులాడుకుంటున్నారు. మూత్రకోశంలోని రాళ్ళను కరిగించే మందుగా ఆ రోజులలో దానిని వాడేవారు. సున్నపురాయి నుంచి తీసిన సున్నం మేలా, గుల్లసున్నం మేలా అనేది తగవు. ఇద్దరు పెద్దల నడుమ తల దూర్చడం ఇష్టంలేక బ్లాక్ మెగ్నీషియా అనే తెల్లని పొడిని తన పరిశోధనకు ఎన్నుకున్నాడు. దానిని కాల్చి, త్రాసులో తూచి, పోయిన బరువు ఏమైందని వెతికాడు. ఒక విధమైన గాలి అందులో బంధింపబడి ఉండి, కాల్చినప్పుడు బయటికి పోతున్నదని తేలింది. సున్నపురాయిలో ఉన్నదీ, మనిషి విడిచే ఊపిరిలో ఉన్నదీ, బొగ్గు మండినప్పుడు వచ్చేదీ ఆ గాలే. సున్నపుతేటలోకి గొట్టంతో ఊదితే తేట పాలవలె తెల్లబడేది దానివల్లనే. నేడు కార్బన్ డై ఆక్సైడ్ అని పిలిచే వాయువు ఇదే. 1754లో ఈ పరిశోధనకు పట్టం లభించింది. 1756లో అది విస్తృత రూపంలో అచ్చయింది. ఈ పని ఒక్కటి చాలు, ఆయన పేరు నిలవడానికి. కాని ఆయన అసలు ఘనత మరొకచోట ఉంది.

1756లో కల్లెన్ ఎడింబరోకు మారగా గ్లాస్గోలో రసాయనశాస్త్రం బోధించే బాధ్యత బ్లాక్‌కు వచ్చింది. మరుసటి ఏడు ఆయన వైద్యశాస్త్ర ఆచార్యుడయ్యాడు. పాఠం చెప్పవలసిన వాడికి ప్రతి విషయమూ మొదటినుంచి ఆలోచించుకోక తప్పదు. వేడిని గురించి పాఠం సిద్ధం చేసుకుంటున్నప్పుడు ఆయనకు పాత గ్రంథాలలోని మాటలు పొసగలేదు.

అప్పటి పండితుల అభిప్రాయం ఇది. మంచును కరిగే స్థితి దాకా వేడిచేస్తే చాలు, ఆపైన ఇంకొంచెం వేడి తగలగానే అది నీరవుతుంది. అలాగే నీటిని గడ్డకట్టే స్థితి దాకా చల్లబరిస్తే, ఇంకొంచెం వేడి పోగానే అది గడ్డకడుతుంది. వినడానికి సబబుగానే ఉంది. ఇది నిజమైతే ఏమి జరగాలో బ్లాక్ ఊహించాడు. వసంతంలో గాలి కాస్త వెచ్చబడిన రోజునే కొండల మీది మంచు అంతా కొన్ని నిమిషాలలో, కొన్ని గంటలలో నీరు కావాలి. నదులు ఉప్పొంగి ఊళ్ళను ముంచెత్తాలి. అలా జరగడం లేదు. కనుక మంచు కరగడానికి చాలా వేడి కావాలి. అంత వేడి లోపలికి పోతున్నప్పుడు కరుగుతున్న మంచునీరు వెచ్చబడాలి కదా? ఉష్ణమాపకం పెట్టి చూస్తే అది గడ్డ ఉన్నంతసేపూ ఒకేచోట నిలిచి ఉంటుంది. మరి ఆ వేడి ఎక్కడికి పోతున్నది?

ఇక్కడ ఒక సంగతి విడదీసి చూడాలి. చెంబుడు నీళ్ళూ, గంగాళం నీళ్ళూ ఒకే వెచ్చదనంతో ఉండవచ్చు. ఉష్ణమాపకం రెండింటిలోనూ ఒకే అంకె చూపుతుంది. కాని గంగాళాన్ని అంత వెచ్చగా చేయడానికి ఎన్ని కట్టెలు కాల్చాలో ఇంట్లో నీళ్ళు కాచేవారికి తెలుసు. వెచ్చదనపు స్థాయి వేరు, వేడి పరిమాణం వేరు. మొదటిది ఉష్ణోగ్రత, రెండవది ఉష్ణం. ఇది ఇప్పుడు తేలికగా కనిపిస్తుంది గాని, బ్లాక్ కాలంలో గొప్ప పండితులు కూడా ఈ రెండింటినీ కలగలిపి మాట్లాడేవారు. బ్లాక్ తన విద్యార్థులకు మొదట నేర్పినది ఈ తేడానే. సమానమైన బరువు గల నీటినీ పాదరసాన్నీ ఒకే స్థాయికి వేడిచేయడానికి ఒకే పరిమాణంలో ఉష్ణం చాలదని కూడా ఆయన గ్రహించాడు. విశిష్టోష్ణం అనే భావనకు అది మొదలు.

వాదనతో ఆయన తృప్తిపడలేదు. 1761 డిసెంబరు మొదటి రోజులలో ఒక ప్రయోగం చేశాడు. పలుచని గాజుతో చేసిన రెండు గోళాలు తీసుకున్నాడు. ఒక్కొక్కటి నాలుగు అంగుళాల వ్యాసం గలది. రెండింటిలోనూ ఐదేసి ఔన్సుల నీరు పోశాడు. ఒక గోళాన్ని ఉప్పు కలిపిన మంచులో ఉంచి నీటిని గడ్డకట్టించాడు. రెండవ గోళంలోని నీటిని గడ్డకట్టనీయకుండా 33 డిగ్రీల దాకా చల్లబరిచాడు. ఇవి ఫారన్‌హీట్ కొలమానంలోని డిగ్రీలు. అందులో మంచు కరిగే స్థానం 32, నీరు మరిగే స్థానం 212. ఒక పెద్ద ఖాళీ హాలులో రెండు గోళాలనూ దూరదూరంగా వేలాడదీశాడు. హాలులో గాలి 47 డిగ్రీలు ఉంది. ఆరోజంతా దాదాపు అలాగే ఉంది.

నీరున్న గోళం అరగంటలో 33 నుంచి 40 డిగ్రీలకు పెరిగింది. మంచు ఉన్న గోళం అదే 40 డిగ్రీలకు చేరడానికి పదిన్నర గంటలు పట్టింది.

లెక్క చూస్తే ఇలా ఉంటుంది. హాలులోని గాలి నుంచి నీటి గోళానికి అరగంటలో 7 డిగ్రీలకు సరిపడిన ఉష్ణం అందింది. మంచు గోళం కూడా అదే పరిమాణంలో, అదే గాలిలో ఉంది. కనుక దానికీ ప్రతి అరగంటకు అంతే అంది ఉండాలి. పదిన్నర గంటలంటే 21 అరగంటలు. 21ని 7తో హెచ్చిస్తే 147. అందులో ఉష్ణమాపకానికి కనిపించినది 32 నుంచి 40 దాకా, అంటే 8 డిగ్రీలు మాత్రమే. మిగిలిన 139 డిగ్రీలకు సరిపడిన ఉష్ణం మంచులోకి పోయింది, కాని కనిపించలేదు. మంచు నీరుగా మారడానికే అది ఖర్చయింది.

ఉష్ణం నిజంగా అంతసేపూ మంచులోకి పోతూనే ఉన్నదా అనే అనుమానం ఎవరికైనా రావచ్చు. దానికి బ్లాక్ చెప్పిన ఉపాయం చాలా తేలికైనది. వేలాడుతున్న మంచుగడ్డ కింద చెయ్యి పెట్టి చూస్తే చల్లగాలి ధారగా దిగుతూ తగులుతుంది. మంచుకు తన వేడి ఇచ్చి చల్లబడిన గాలి అది. ఆ ధార గడ్డ ఉన్నంతసేపూ ఆగదు.

మరొక పద్ధతిలో కూడా ఆయన సరిచూశాడు. వేడినీటిలో మంచుముక్క వేసి, కరిగిన తరువాత ఆ నీరు ఎంత చల్లబడిందో కొలిచాడు. ఈసారి 143 వచ్చింది. నేటి సూక్ష్మమైన పరికరాలతో కొలిస్తే ఈ సంఖ్య 144. రెండు గాజుబుడ్లు, ఒక ఉష్ణమాపకం, ఒక గడియారం తప్ప మరేమీ లేని రోజులలో ఆయన సత్యానికి ఎంత చేరువగా వెళ్ళాడో ఈ సంఖ్యలే చెబుతాయి. కనిపించకుండా దాగి ఉండే ఈ వేడికి ఆయన పెట్టిన పేరే తెలుగులో గుప్తోష్ణం అయింది.

1762 ఏప్రిల్ 23వ తేదీన గ్లాస్గో విశ్వవిద్యాలయపు అధ్యాపకుల సమాజంలో ఆయన ఈ సంగతులు చదివి వినిపించాడు. అదే ఏడు అక్టోబరులో మరిగే నీటి సంగతి చేపట్టాడు. అడుగు చదునుగా ఉన్న తగరపు గిన్నెలలో 50 డిగ్రీల నీరు పోసి ఎర్రగా కాలిన ఇనుప పలక మీద పెట్టాడు. నాలుగు నిమిషాలలో నీరు మరిగింది. మరిగిన నీరు పూర్తిగా ఆవిరైపోవడానికి మరో ఇరవై నిమిషాలు పట్టింది. మొదటి నాలుగు నిమిషాలలో నీటి ఉష్ణోగ్రత 162 డిగ్రీలు పెరిగింది. అంటే నిమిషానికి నలభైకి పైగా. తరువాతి ఇరవై నిమిషాలలోనూ మంట తగ్గలేదు, అయినా నీరు 212 దాటలేదు. ఆ వేళలో మాయమైన ఉష్ణాన్ని ఆయన 810 డిగ్రీలుగా లెక్కగట్టాడు. ఇది కొంత తక్కువ. అసలు విలువ 970. ఎసరు మరిగిన తరువాత పొయ్యిలో ఎన్ని కట్టెలు దూర్చినా నీరు ఇంకా వేడెక్కదు, త్వరగా ఇగిరిపోతుంది అంతే. వంట చేసేవారికి ఎప్పటినుంచో తెలిసిన ఈ సంగతికి కారణం ఇది.

అప్పుడు గ్లాస్గో విశ్వవిద్యాలయ ఆవరణలోనే ఒక యువకుడు చిన్న దుకాణంలో శాస్త్ర పరికరాలు తయారుచేస్తుండేవాడు. అతడే జేమ్స్ వాట్. బ్లాక్ అతని దగ్గర పనిముట్లు చేయించుకునేవాడు. ఇద్దరికీ స్నేహం కుదిరింది. 1763, 64 సంవత్సరాల శీతకాలంలో వాట్ చేతికి న్యూకొమెన్ ఆవిరియంత్రం తాలూకు నమూనా ఒకటి మరమ్మత్తుకు వచ్చింది. అది ఆవిరిని విపరీతంగా తాగేస్తున్నది. ఎందుకని ప్రయోగం చేస్తే వాట్‌కు ఆశ్చర్యం కలిగింది. ఒక వంతు నీటినుంచి పుట్టిన ఆవిరి, తన బరువుకు ఆరు రెట్ల చన్నీటిని మరిగే స్థితికి తేగలుగుతున్నది. ఇంత వేడి ఆవిరిలో ఎక్కడిదని అతడు బ్లాక్‌ను అడిగాడు. తాను కొంతకాలంగా తరగతిలో చెబుతున్న పాఠాన్నే బ్లాక్ అతనికి వివరించాడు. 1765లో వాట్ ఆవిరిని వేరే పాత్రలో చల్లబరిచే ఏర్పాటు కనిపెట్టాడు. 1769లో దానికి పేటెంటు వచ్చింది. ఈ పనికి డబ్బు చాలనప్పుడు అప్పు ఇచ్చినవారిలో బ్లాక్ ఒకడు. గుప్తోష్ణ సిద్ధాంతం వల్లనే ఆవిరియంత్రం పుట్టిందని కొందరు రాశారు. అది నిజం కాదని వాట్ స్వయంగా సరిదిద్దాడు. ప్రయోగాన్ని సక్రమంగా ఆలోచించే తీరు బ్లాక్ దగ్గర నేర్చుకున్నానని మాత్రం ఒప్పుకున్నాడు. తరువాతి కాలంలో వాట్ జరిపిన కొలతలలో ఆవిరి గుప్తోష్ణం 900 డిగ్రీలు దాటి, అసలు విలువకు దగ్గరయింది.

1766లో బ్లాక్ ఎడింబరో విశ్వవిద్యాలయానికి మారాడు. మళ్ళీ గురువు కల్లెన్ వదిలిన స్థానంలోనే రసాయనశాస్త్ర ఆచార్యుడయ్యాడు. ఆపైన మూడు దశాబ్దాలు పాఠాలే ఆయన జీవితం. ఆయన గొంతు సన్ననిది, కాని గదిలో చివరి బల్ల దాకా వినిపించేది. బల్ల మీద అక్కరలేని పరికరం ఒక్కటీ ఉండేది కాదు. మూతికి కొమ్ములేని పాత్రలోని ద్రవాన్ని సన్నని గొట్టంలోకి ఎత్తునుంచి పోస్తే ఒక్క చుక్క కింద పడేది కాదని ఆయన శిష్యులు ముసలితనంలో కూడా చెప్పుకున్నారు. వైద్యవిద్యార్థులతో పాటు వస్త్రాలకు రంగులు అద్దేవారు, సారా కాచేవారు, కేవలం కుతూహలం కలవారు కూడా వచ్చి కూర్చునేవారు. నత్రజనిని 1772లో గుర్తించిన డేనియల్ రూథర్‌ఫర్డ్ ఆయన శిష్యుడు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన వైద్యుడు బెంజమిన్ రష్ కూడా ఆయన దగ్గర చదివి, తన దేశం వెళ్ళి ఫిలడెల్ఫియాలో రసాయనశాస్త్రం బోధించాడు.

ఇన్ని వందలమందికి చెప్పిన గుప్తోష్ణం పాఠాన్ని బ్లాక్ తన జీవితకాలంలో అచ్చు వేయించలేదు. ఆయన ఆరోగ్యం ఎప్పుడూ బలహీనమే. కాస్త శ్రమపడితే రక్తం కక్కేవాడు. పైగా రాసినదేదీ ఆయనకు తృప్తినిచ్చేది కాదు. పాఠంలో ప్రతి ఏడూ సవరణలు చేసుకుంటూ పోయాడు. విద్యార్థులు రాసుకున్న నోటుపుస్తకాలు మాత్రం చేతులు మారాయి, నకళ్ళు తయారయ్యాయి, అమ్ముడుపోయాయి కూడా. 1770లో లండనులో ఎవరో పేరు చెప్పకుండా అలాంటి ఒక నోటుపుస్తకం ఆధారంగా ఏకంగా గ్రంథమే అచ్చు వేశారు. ఆయన అనుమతి అడగలేదు. 1772లో స్వీడను దేశంలో యోహన్ విల్కె అనే శాస్త్రవేత్త వేడినీటితో మంచును కరిగించి చూసి, బ్లాక్ పని తెలియకుండానే, ఇదే సత్యాన్ని స్వతంత్రంగా కనుగొని ప్రకటించాడు. ముందు కనుగొన్నది బ్లాక్. ముందు అచ్చులో పెట్టినది విల్కె. మిత్రులు ఎంత ఒత్తిడి చేసినా బ్లాక్ కదలలేదు. ఆయన తీరును మెచ్చుకోవడం కష్టమే. అచ్చులోకి రాని పాఠం గదిలో కూర్చున్న వారికే దక్కుతుంది కదా.

వేడి అనేది పదార్థంతో కలిసిపోయే ఒక సూక్ష్మ ద్రవ్యమని ఆ కాలంలో చాలామంది నమ్మేవారు. బ్లాక్ ఆ నమ్మకానికి దగ్గరగానే మాట్లాడాడు గాని, దానిమీద గట్టిగా వాదించలేదు. కొలిచిన దానిని కొలిచినట్లు చెప్పి ఊరుకున్నాడు. ఆ సిద్ధాంతం పందొమ్మిదవ శతాబ్దంలో కూలిపోయింది. ఆయన కొలతలు నిలిచాయి. ఉష్ణం ఒక శక్తి రూపమని ఇప్పుడు తెలుసు. మంచులో నీటి అణువులు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని వరుసలు తీరి ఉంటాయి. ఆ పట్టు సడలించడానికే లోపలికి వచ్చిన శక్తి ఖర్చవుతుంది. అణువుల వేగం పెరగదు. వేగం పెరగకపోతే ఉష్ణోగ్రత పెరగదు. ఒక గ్రాము మంచు కరగడానికి సుమారు 80 కెలోరీలు, అంటే 334 జౌళ్ళు కావాలి. ఒక గ్రాము మరిగే నీరు ఆవిరి కావడానికి సుమారు 540 కెలోరీలు కావాలి. ఆవిరిలో అణువులు పూర్తిగా విడిపోవాలి కనుక అది ఎక్కువ. మార్పు వెనక్కి జరిగినప్పుడు ఈ శక్తి అంతా తిరిగి వస్తుంది. ఇడ్లీపాత్రలో ఆవిరి పిండిని తాకి నీరవుతూ విడిచే వేడి అదే. మరిగే నీటి కంటే ఆవిరి తగిలినప్పుడు చెయ్యి ఎక్కువగా బొబ్బలెక్కేదీ అందువల్లనే. మట్టికుండ గోడల గుండా ఊరిన నీరు ఆవిరి అవుతూ లోపలి నీటినుంచి వేడిని గుంజుకుంటుంది; వేసవిలో కుండనీరు చల్లగా ఉంటుంది. కల్లెన్ చూసిన తడి ఉష్ణమాపకం కథా ఇదే.

బ్లాక్ పెళ్ళి చేసుకోలేదు. అర్థశాస్త్రవేత్త ఆడమ్ స్మిత్, భూగర్భ శాస్త్రవేత్త జేమ్స్ హట్టన్ ఆయనకు ప్రాణమిత్రులు. తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్‌కు 1776లో చివరి జబ్బులో ఆయన చికిత్స చేశాడు. తీరికవేళలలో వేణువు వాయించేవాడు. వయసు మళ్ళాక మితంగా తిని, ఎక్కువగా పాలతో గడిపాడు. 1796, 97 సంవత్సరాల తరగతితో ఆయన బోధన ముగిసింది.

1799 డిసెంబరు 6వ తేదీన ఆయన ఎప్పటివలె బల్లముందు కూర్చున్నాడు. కొంచెం రొట్టె, కొన్ని ఎండుపళ్ళు, నీళ్ళు కలిపిన పాలు. పాలగిన్నె చేతిలోకి తీసుకున్నాడు. దానిని మోకాళ్ళ మీద ఆనించుకొని అలాగే ప్రాణం విడిచాడు. నౌకరు తలుపు తీసి చూసి, భోజనం చేసి కునుకు తీస్తున్నాడనుకొని వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చినప్పుడు గాని సంగతి తెలియలేదు. గిన్నెలోని పాలు ఒలకలేదని ఆయన బంధువు ఒకరు రాసిపెట్టారు.

ఆయన పాఠాలను గ్రంథంగా తీర్చే పని శిష్యుడూ మిత్రుడూ అయిన జాన్ రాబిసన్ మీద పడింది. ఆయన చేతికి వచ్చినవి చిత్తు కాగితాలు. ఒకటి రెండు మాటలతో ఆగిపోయినవి, కొట్టివేతలు, చేర్పులు, ఏ ఏటివో తెలియనివి. చాలాచోట్ల అర్థం దొరకక రాబిసన్ పాత విద్యార్థుల నోటుపుస్తకాలు తెప్పించుకొని, వాటితో సరిపోల్చుకుంటూ ఖాళీలు పూరించాడు. 1803లో రెండు సంపుటాలుగా ఆ గ్రంథం ఎడింబరోలో వెలువడింది. హాలులో వేలాడిన రెండు గాజుగోళాల కథ, బ్లాక్ పేరుతో, మొదటిసారి అచ్చులో కనిపించినది అందులోనే. అప్పటికి ఆ ప్రయోగం జరిగి నలభై ఏళ్ళు దాటింది.